శాలువా కొంగు

మే 21

ఈరోజు కూడా మా నాయనమ్మ బోజుకి వాసన తెలియలేదు.

పాకలో అందరూ పెద్ద చేట చుట్టూ నిలబడ్డారు. నలిపిన ఆకు మీంచి తడిగుడ్డ తీశారు. బోజు వంగి కళ్ళు మూసుకుంది. ఆ టైంలో మా ఊళ్ళో ఎవరూ దగ్గరు కూడా. నేను ఎప్పటిలాగే ఆమె చేతికర్ర పట్టుకుని వెనకాల నిలబడ్డాను. ముందు పచ్చిగడ్డి వాసన. తర్వాత అది వెళ్ళిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు, తడిసిన గోనెసంచి వాసన తప్ప. ఆ తర్వాత అసలు వాసన వస్తుంది. వచ్చిన వెంటనే పెనం మీదికి ఎక్కించాలి. ముందే ఎక్కిస్తే టీ నాలుక మీద గీరుతుంది. ఆలస్యమైతే చచ్చిపోతుంది. వేడినీళ్ళలో రంగు కలుపుకుని తాగినట్టే.

వచ్చింది. నేను ఆమె శాలువా కొంగు లాగాను. ఒక్కసారి, చిన్నగా.

"వచ్చింది" అంది బోజు.

అంతే, మా బాబాయి, మన్‌బీర్ కాకా, చేట ఎత్తుకుని పరుగు.

ఎవరికీ తెలియదు. మమ్మీకి కూడా తెలియదు. మార్చిలో మొదటి కోత రోజున మా నాయనమ్మ అలాగే వంగి, వంగే ఉండిపోయింది. పక్కనుంచి ఆమె ముఖం నాకొక్కదానికే కనబడింది. చీకట్లో మెట్టు కోసం కాలు చాపేవాళ్ళ ముఖంలా ఉంది. నాకు భయమేసి శాలువా లాగాను. ఆమె వెంటనే "వచ్చింది" అనేసింది. తర్వాత కోళ్ళగూడు దగ్గర నన్ను పట్టుకుని అడిగింది.

"ఏ వైపు లాగావే?"

"కుడి."

"సరే. ఎప్పుడూ కుడివైపే లాగు."

ఇద్దరం దాని గురించి మాట్లాడుకున్నది అంతే.

ఇది జలుబే. చలికాలంలో జ్వరం వచ్చినప్పటి నుంచి ఉంది. ఎండలు ముదిరితే పోతుంది. కొంతమందికి నెలల తరబడి ఉంటుందట, ఎక్కడో చదివాను. నేను పదకొండో తరగతికి హాస్టల్‌కి వెళ్ళేలోపు తగ్గిపోతుంది. తగ్గిపోవాలి.

ఎందుకంటే మా ఊరి టీ సంఘానికి పెద్ద పదమ్ మాస్టర్. ఆయన మొన్న అన్నమాట ఇది: "ఆ ముసలావిడ ముక్కు ఉన్నంతవరకే మనది సొంత టీ. అది లేనినాడు మళ్ళీ ఆకు మూటగట్టి కింద ఫ్యాక్టరీకి మోయడమే." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఫ్యాక్టరీవాళ్ళు మా ఆకు మొహం కూడా చూసేవాళ్ళు కాదు. తూకం వేసి, పక్క తోటల ముదురాకుతో కలిపి తోసేసేవాళ్ళు.

వసంతం టీ బాగా వచ్చిందని కోల్‌కతా నుంచి టీ వ్యాపారి సేన్ బాబు ఫోన్ చేశాడు. జూన్‌లో స్వయంగా వచ్చి ఎండాకాలం టీ రుచి చూస్తాడట. నచ్చితే ఇకనుంచి మా ఊరి పేరుతోనే డబ్బాలు కట్టి అమ్ముతాడట. ఊరంతా బోజు చేతులు పట్టుకుని ఊపారు.

అది నా ముక్కు. ఇక్కడ ఒక్కచోట రాసుకుంటున్నాను. నా ముక్కు.

మే 23

పచ్చదోమ వచ్చింది. గోరు మీద నిలబెడితే కనిపించీ కనిపించనంత. ఆకుల అంచులు పసుపుపచ్చగా మారి, లోపలికి ముడుచుకుంటున్నాయి. పై మళ్ళన్నీ జబ్బుపడ్డట్టు ఉన్నాయి.

బోజు ఒక ఆకు తుంపి పండగొచ్చినట్టు నవ్వింది. "వచ్చారే మన చుట్టాలు!"

"చుట్టాలా?" అన్నాడు మన్‌బీర్ కాకా. "ఆమా, వీళ్ళు కంచం కూడా నాకేసి పోయే చుట్టాలు. సగం బుట్ట కూడా నిండట్లేదు."

"నిండకపోనీ. ఇవి కుట్టిన ఆకుకి రోషం వస్తుందిరా. ఆ రోషంలోనే తీపి ఊరుతుంది. దోమ కుట్టని ఆకుతో ఎండాకాలం టీ చేస్తే అది ఉత్త కషాయం."

"మా తోటలో ఇలా కనబడిందంటే సాయంత్రానికల్లా పంపు కొట్టేసేవాళ్ళం."

"అందుకే మీ తోట టీలో పాలూ పంచదారా అల్లం పోసుకుని తాగుతారు, అసలు సంగతి తెలియకుండా."

అందరూ నవ్వారు. కాకా కూడా నవ్వాడు. కానీ నవ్వి మళ్ళీ పొదల వైపే చూశాడు.

కాకా అంటే నాకు ఎంత ఇష్టమో. రెండు వేళ్ళు పెట్టి ఈల వెయ్యడం నేర్పింది ఆయనే. కింద మైదానం తోటల్లో వీపున పురుగుమందు పంపు మోస్తూ చాలా ఏళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక పోయిన సంవత్సరం ఇంటికి వచ్చేశాడు. వస్తూ ఆకు కత్తిరించే పెద్ద కత్తెర ఒకటి తెచ్చాడు. ఇలా ఒక్క దువ్వు దువ్వితే బుట్ట నిండుతుందని చూపించాడు. లేతాకు, ముదురాకు, కాడ, అన్నీ వచ్చాయి. బోజు ఆ కత్తెర తీసుకుని గోడకి తగిలించి, "బాగుంది, మేకలకి తుమ్మకొమ్మలు కొయ్యి" అంది. మా ఊళ్ళో రెండాకులూ మొగ్గా, అది కూడా వేలి మెత్తటి చోటుతోనే పట్టి తుంపాలి. గోరు గుచ్చితే ఆ గాటు దగ్గరే ఆకు నల్లబడి కుళ్ళు వాసన పట్టుకుంటుంది.

మా తాత, బాజే, అదే పంపు మోసేవాడు. చివర్లో ఆయన చేతులు ఎంత వణికేవంటే టీ గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. నాయనమ్మే తాగించేది. ఆయన పోయాక మా పొదల మీద మందు చుక్క పడనివ్వలేదు. మెల్లగా ఊరంతా మానేసింది. బాజే కోటు మాత్రం ఇప్పటికీ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఉతకనివ్వదు. నేను ఊపిరి బిగబట్టి దాన్ని దాటుతాను.

మే 24

భయంగా ఏమీ లేదు.

మే 28

కాకా వాళ్ళ మడి మళ్ళీ పచ్చగా అయిపోయింది. పక్క మళ్ళన్నీ ముడుచుకుని ఉంటే అదొక్కటే కొత్త చొక్కా తొడుక్కున్నట్టు నిగనిగలాడుతోంది.

"మాకు గాలి బాగా తగులుతుందే కాంఛీ, దోమ నిలబడదు" అన్నాడు కాకా. నన్ను ఆయన ఎప్పుడూ కాంఛీ అనే పిలుస్తాడు, బిపనా అని పేరు పెట్టి పిలవడు.

గాలి నిజంగానే అక్కడ ఎక్కువ.

కాకా భార్య, మా కాకీ చేతులకి ఎర్రగా దద్దుర్లు. "ఏంటిది?" అని అడిగితే, "సిస్నూ ఆకు తగిలింది, దురద" అంది. ఏడో నెల, పొట్ట పొదకి తగలకుండా పక్కకి తిరిగి కోస్తోంది. మా ఊళ్ళో ఆమె అంత నాజూగ్గా కోసేవాళ్ళు ఎవరూ లేరు. మొగ్గకి కూడా తెలియదు తనని తుంపారని.

మే 29

సిస్నూ ఆకే అయ్యుంటుంది.

జూన్ 1

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు.

కోసిన ఆకు ఎవరింటిది వాళ్ళ చేటలో రాత్రంతా అటక మీద వాడుతుంది. పొద్దున బోజు ఒక్కో చేటలో చెయ్యి పెట్టి, ఆకు ముఖానికి దగ్గరగా తెచ్చుకుని "కలపండి" అంటుంది. అప్పుడే అన్నీ ఒక రాశి చేసి నలుపుతారు. ఈరోజు నేను ఆలస్యంగా లేచాను. వెళ్ళేసరికి కలిపేశారు. చేత్తో తడిమితే మెత్తగానే ఉందని బోజే "కలపండి" అనేసిందట.

తడిగుడ్డ తీసినప్పుడు నేను వెనకాల ఉన్నాను. పచ్చిగడ్డి. గోనెసంచి. తర్వాత అది వస్తోంది, పండిన ఆల్‌బుఖారా తోలు ఎండలో పెట్టినట్టు, ఇంత బాగా ఎప్పుడూ రాలేదు, పచ్చదోమ తీపి అది. కానీ దాని కింద ఇంకోటి ఉంది. కుళ్ళిన వెల్లుల్లి లాగా. కిరసనాయిలు లాగా. ఆ వాసన నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ ఊపిరి బిగబట్టుకుని దాటుతున్నది అదే.

బాజే కోటు.

శాలువా నా చేతిలో ఉంది. లాగలేదు. లాగితే ఆ టీ డబ్బాలోకి వెళ్తుంది. ఎవరో ఎక్కడో తాగుతారు. "వద్దు" అనడానికి మా ఇద్దరి మధ్యా గుర్తు ఏదీ లేదు. ఒకటే గుర్తు పెట్టుకున్నాం. బోజు వంగి ఎదురుచూస్తోంది. వాసన వచ్చి, నిలబడి, పోయింది. పూర్తిగా పోయాక లాగాను.

"వచ్చింది" అంది బోజు.

కాచి పోస్తే ఎర్రటి నీళ్ళు. పదమ్ మాస్టర్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. ఆ రాశినంతా ఎరువుగుంటలో పోశారు.

ఎవరి చేటలోదో నాకు తెలియదు. అన్నీ కలిసిపోయాయి కదా. నిజంగా తెలియదు.

జూన్ 2

కుళాయి దగ్గర ఎవరో అన్నారు: "ముసలావిడ నిలబడే కునుకు తీసిందేమో." ఇంకెవరో: "వయసు ముక్కుకి మాత్రం రాదా ఏంటి?" మమ్మీ బిందె దభీమని పెట్టి, "మీ అందరి ముక్కులూ కలిపినా మా అత్తగారి తుమ్ముకి సరిపోవు" అంది. తర్వాత ఇంటికి వచ్చి ఏడ్చింది.

బోజు మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. కునుకు తీశానని కూడా అనలేదు, తీయలేదని కూడా అనలేదు. పొయ్యి దగ్గర మొక్కజొన్న ఒలుస్తూ, ముఖం ఎత్తకుండా అడిగింది.

"నిన్న ఏమైందే?"

"ఏమీ లేదు బోజూ. నాకే కాస్త... నాకూ జలుబు చేసింది."

"ఊఁ" అంది. ఒక కంకి పూర్తిగా ఒలిచింది. "జలుబు మంచిది కాదు."

నా కోసం, కాకా కోసం అబద్ధం చెప్పలేదు నేను. ఇంట్లో గొడవ ఎందుకని. అంతే.

జూన్ 4

పందుల పాక వెనక కాకా దేన్నో కడుగుతున్నాడు. గోనెలు కప్పాడు కానీ గొట్టం బయటికే ఉంది.

"ఏంటది కాకా?"

"మీ స్కూల్లో కంప్యూటర్ లేదూ, అలాంటిదే. మా స్కూల్ది."

నేను నవ్వలేదు. ఆయన కూడా ఆపేశాడు.

"ఒక్కసారే కొట్టాను కాంఛీ. చాలా పల్చగా. మీ కాకీ పొద్దున్నుంచీ తిరిగి తిరిగి అరబుట్ట తెస్తోంది. నిండుగా ఉన్న పొదల దగ్గరైతే ఒక్కచోట నిలబడి కోసుకుంటుందని. ఆమె కోసమే."

"బోజుకి తెలిస్తే?"

"తెలిసిపోయిందిగా!" అని గట్టిగా నవ్వాడు. "మొన్న ఆమా నా చేటలో చెయ్యి పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, 'కలపండి' అంది. నాన్న కోటుని రోజూ చూసే మనిషి కదా! ఆ ముక్కుకి దొరకని మందు ఈ కొండ మీద ఉందా? అంటే ఏంటి అర్థం? ఎండకి ఎగిరిపోయింది, మంచుకి కడుక్కుపోయింది, ఏమీ మిగల్లేదు. మొదట్లో నాకూ గుండె దడదడలాడింది. ఆమె 'కలపండి' అన్నాక హాయిగా నిద్రపట్టింది."

"నీకు వాసన రాలేదా కాకా?"

"నాకా? ఇన్నేళ్ళు దాంట్లోనే స్నానం చేశాను. నాకిక అది మంచినీళ్ళతో సమానం." గొట్టం విదిలించి గోనె కింద తోశాడు. "రేపు పై మడికి కూడా కొడతా. సేన్ బాబు వచ్చే రోజుకి అందరికంటే పెద్ద చేట మనదే అవ్వాలి. పోలీసు కుక్కలా అలా చూడకే."

పై మడిలో కోసేది కాకీయే.

నేను చెప్పాల్సింది ఒక్క మాట. బోజుకి వాసన తెలియదు అని. ఆ ఒక్క మాట చెబితే ఆయన ఆపేసేవాడు. నోరు తెరిచాను కూడా.

"కాకీకి మొమోలు తినాలనుందట" అన్నాను.

జూన్ 5

పై మడిలో సాలెగూళ్ళు లేవు. నిన్న ఉన్నాయి.

జూన్ 6

కాకీ పొద్దున కోతలో రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలే అంటారు. ఏడో నెలలో కూడా వస్తాయేమో. నాకేం తెలుసు.

దద్దుర్లు మోచేతి దాకా పాకాయి.

బోజు ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. ముక్కు దగ్గరికి కూడా తెచ్చుకుంది. ఏమీ తెలియలేదు. వదిలేసింది. నేను అక్కడే ఉన్నాను, నాకు తెలిసింది.

జూన్ 7

రేపు సేన్ బాబు వస్తున్నాడు.

చెబితే బోజు పరువు పోతుంది, ఊరికి సొంత టీ పోతుంది, కాకా పోతాడు. చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాదు. ఎవరికీ ఏమీ కాదు అని పొద్దున్నుంచి అనుకుంటున్నాను.

జూన్ 8

ఈరోజు జరిగినవన్నీ వరసగా రాస్తాను.

సేన్ బాబు పొట్టిగా ఉన్నాడు, గొడుగు చంకలో పెట్టుకుని వచ్చాడు. తన కప్పులు తనే తెచ్చుకున్నాడు, తెల్లటివి. ఉమ్మడానికి ఒక ఇత్తడి చెంబు కూడా. రుచి చూసేవాళ్ళు మింగరట, నోట్లో తిప్పి ఉమ్మేస్తారట. పదమ్ మాస్టర్ ఇస్త్రీ కోటు వేసుకున్నాడు. మమ్మీ బియ్యప్పిండితో సేల్ రొట్టెలు వేసి పెట్టింది. పాకలో అన్ని ఇళ్ళ చేటలూ వరసగా పరిచారు. కాకాది అన్నిటికంటే పెద్దది, నిగనిగలాడుతూ.

బోజు మొదటి చేట దగ్గర ఆగింది. చెయ్యి పెట్టింది. నేను వెనక. తీపి ఉంది, చక్కగా ఉంది. శాలువా లాగాను. "కలపండి." రెండోది. "కలపండి." పదమ్ మాస్టర్ది కాస్త ఎక్కువ వాడింది, అయినా ఫర్వాలేదు. "కలపండి."

కాకా చేట.

అటక మీది వేడికి ఆ వాసన పైకే లేచి ఉంది, వంగనక్కర్లేదు కూడా. శాలువా కొంగు పట్టుకున్నాను. లాగలేదు. వదల్లేదు కూడా. బోజు ఇంకో చేట వైపు కదలబోతే శాలువా బిగుసుకుని ఆమె ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. అందరూ చూశారు, నా పిడికిట్లో ఆమె శాలువాని.

"ఏమే?" అంది.

"ఇది కలపొద్దు."

నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "ఇది కలపొద్దు బోజూ."

కాకా నవ్వాడు. "అదిగో, ఇంగ్లీషు స్కూల్ ముక్కు! పెద్దాళ్ళు ఉన్నారు కదే, ఆమాని చెప్పనీ."

"అమ్మాయి వద్దంటోంది" అంది బోజు.

"అమ్మాయి అంటే సరిపోతుందా? నువ్వు చెప్పు ఆమా. నీ ముక్కుతో చూసి చెప్పు. నువ్వు వద్దంటే ఇప్పుడే గుంటలో పోస్తా."

బోజు రెండు చేతులతోనూ ఆకు తీసుకుంది. ముఖం అందులో పెట్టేసింది. మార్చిలో చూసిన ఆ ముఖమే, చీకట్లో మెట్టు కోసం వెతికే ముఖం. ఇంకాసేపు అలాగే ఉంటే ఏడ్చేస్తానేమో అనిపించి నేను అనేశాను.

"బాజే కోటు వాసన వస్తోంది."

బోజు చేతుల్లోంచి ఆకు జారిపోయింది.

"ఆమె మీద అరవకండి" అన్నాను, ఎవరూ అరవకపోయినా. "బోజుకి జలుబు. జలుబు వల్లే..."

"జలుబు కాదు" అంది బోజు.

పదమ్ మాస్టర్ వైపు తిరిగింది. సేన్ బాబు వైపు చూడలేదు. మా ఊరి వాళ్ళతోనే చెప్పింది.

"నా ముక్కు చలికాలంలోనే చచ్చిపోయింది. పొయ్యి మీద అన్నం మాడినా నాకు తెలియదు. మీరు నా చేతులు పట్టుకుని ఊపారే, ఆ వసంతం టీ, అది నాది కాదు. వెనకాల నిలబడి నా శాలువా లాగింది, ఇది. ప్రతి చేటా ఇదే చెప్పింది. నాకు సిగ్గేసి దాచాను. దాని ముక్కుకి కోటు వాసన వచ్చిందంటే, వచ్చినట్టే." అప్పుడు కాకా వైపు చూసింది. "మన్‌బీర్. కొట్టావా?"

కాకా ముఖంలో నవ్వు ఇంకా ఉంది కానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉంది. "నువ్వు 'కలపండి' అన్నావు కదా ఆమా" అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడు. "మొన్న అన్నావు కదా. నువ్వు అన్నావని..."

అక్కడే ఆగిపోయాడు. అప్పుడు అర్థమైంది ఆయనకి.

ముందుకి వచ్చింది కాకీ. చీర కొంగుతో కప్పుకున్న చేతులు తీసి అందరికీ చూపించింది.

"సిస్నూ కాదు" అంది. "నాకూ తెలుసు. ఈయన పొద్దున్నే పంపు కడిగేవాడు, నేను కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. నా కోసమే అంటాడు. నా కోసమైతే, ఇదిగో."

వంగి చేట అంచు పట్టుకుంది. అంత పెద్ద చేట, ఆ పొట్టతో ఎత్తలేదు. అవతలి అంచు కాకా పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మోసుకెళ్ళి ఎరువుగుంటకి దూరంగా, రాళ్ళ గుంటలో పోశారు. ఆమె తన చేత్తో ఒక్కో మొగ్గా కోసిన ఆకు.

తిరిగి వచ్చేసరికి పాకలో ఎవరి ముఖం వాళ్ళు చూసుకుంటున్నారు. సేన్ బాబు గొడుగు తీసుకుని లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. గొడుగుని మూల పెట్టి, స్టూలు చేటలకి దగ్గరగా జరుపుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"మరి మిగతావాటికి ఎవరు చెబుతారు?" అన్నాడు.

పదమ్ మాస్టర్ నన్ను చూశాడు. ఇస్త్రీ కోటు గుండీ పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, "చూస్తావేంటమ్మా," అన్నాడు, "ఆకు ఆగుతుందా నీ కోసం?"

బోజు నా చేతిలోంచి కర్ర తీసుకుని నా వెనక్కి వెళ్ళి నిలబడింది.

మిగిలిన చేటలు నేనే చూశాను. "కలపండి" అన్నాను. నలిపారు. పరిచారు. తడిగుడ్డ కప్పారు. నేను వంగాను. నా ముందు ఎవరూ లేరు, దాక్కోవడానికి శాలువా లేదు. పచ్చిగడ్డి. గోనెసంచి. గోనెసంచి. ఎంతకీ గోనెసంచే. పోయిందేమో, నాకు తెలియకుండానే వచ్చి పోయిందేమో అనుకున్నాను. పరీక్ష హాల్లో కూడా ఇంత భయపడలేదు. కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు వచ్చింది. ఆల్‌బుఖారా తోలు. తేనె. దాని కింద ఏమీ లేదు. ఏమీ, ఏమీ లేదు.

"వచ్చింది" అన్నాను. ఎవరికీ వినపడలేదు.

"వచ్చిందంట!" అని గోడ పక్కనుంచి కాకా అరిచాడు. "వినపడలేదా మీకు? ఎత్తండి!"

మొదటి చేట ఎత్తుకుని పరిగెత్తింది కూడా ఆయనే.

సేన్ బాబు తెల్ల కప్పు ఎత్తి సర్రుమని పెద్ద చప్పుడుతో జుర్రాడు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు. అందరూ ఇత్తడి చెంబు వైపు చూస్తున్నాం. ఆయన చెంబు వైపు చూడలేదు. ఇంకో జుర్రు. కప్పు ఖాళీ చేసి బోర్లించాడు.

"మింగాడు" అని గుసగుసలాడాడు పదమ్ మాస్టర్. "మింగేశాడయ్యా!"

మమ్మీ సేల్ రొట్టెల గిన్నె నాకే ముందు పెట్టింది, సేన్ బాబు కంటే ముందు.

జూన్ 9

కాకా కాకీని కర్సియాంగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. చేతులకి మందు రాశారు. పొదల దగ్గరికి వెళ్ళొద్దన్నారు.

కాకా పంపుని సుత్తితో కొట్టి సొట్టలు పెట్టి, దారి పక్కన అందరికీ కనబడేలా పెట్టాడు. వాళ్ళ మళ్ళ ఆకు చలికాలం కత్తిరింపు అయ్యేదాకా ఎవరితోనూ కలపకూడదని సంఘం అంది. ఆయన ఒప్పుకున్నాడు. అందరి బుట్టలూ మోస్తున్నాడు. నాతో మాట్లాడట్లేదు. కానీ నేను గేటు దాటుతుంటే వెనకనుంచి ఈల వేశాడు, రెండు వేళ్ళ ఈల. నేను తిరిగి వేశాను.

సేన్ బాబు డబ్బాల మీద మా ఊరి పేరే వేస్తాడట.

జూన్ 11

బోజు కోటుని కొక్కెం మీంచి తీయించింది. ఒళ్ళో పెట్టుకుని ముఖం దాంట్లో దాచుకుంది. తర్వాత నాకు ఇచ్చింది.

"ఇంకా ఉందా?"

ఈసారి ఊపిరి బిగబట్టలేదు. పూర్తిగా పీల్చాను.

"ఉంది బోజూ."

"ఆయన మీద ప్రేమతో ఉంచాననుకుంటారు అందరూ," అంది. "ప్రేమ లేదనట్లేదు. కానీ ఈ ఇంట్లో పుట్టిన ప్రతి ముక్కుకీ ఆ వాసన తెలిసి ఉండాలని ఉంచాను. నా ముక్కు ముందు పోతుందని అనుకోలేదు." నా ముక్కు మీద తట్టి, "నీది పట్టుకుంది. చాలు" అంది.

మళ్ళీ కొక్కేనికే తగిలించాను.

జూన్ 15

నేను వెళ్ళాక ఎవరు చూస్తారని పదమ్ మాస్టర్ కంగారు పడుతున్నాడు. మొన్న బోజు కాకీని తెచ్చి చేట ముందు నిలబెట్టింది.

"దీనికి అవతలి కొండ మీద ఎవరింట్లో ముల్లంగి ఊరగాయ పెట్టారో కూడా తెలుస్తోంది ఇప్పుడు. ఇంతకంటే మంచి ముక్కు ఎక్కడ దొరుకుతుంది?"

"బిడ్డ పుట్టాక పోతుందేమో అత్తయ్యా?"

"పోతే బిడ్డని నిలబెడతాం."

నేర్పడం నా పని. కాకీ మొదటి రోజు తొందరపడి గోనెసంచి దగ్గరే "వచ్చింది" అంది. నేను తల అడ్డంగా ఊపాను. రెండో రోజు నా కంటే ముందే చెప్పింది. నాకు కొంచెం కుళ్ళుగా అనిపించింది, రాసేస్తున్నాను. ఎక్కువ గర్వంగా అనిపించింది.

జూన్ 22

జీపు వచ్చింది. ఈ పుస్తకం పెట్టె అడుగున పెట్టాను, ఇంక మొక్కజొన్న కట్టల వెనక దాచాల్సిన పని లేదు. దారిలో రాస్తున్నాను, గీతలు వంకరగా వస్తున్నాయి.

ఊరంతా దిగొచ్చారు. మమ్మీ ఏడుస్తూ సేల్ రొట్టెలు కట్టింది. కాకా నా పెట్టె పైకి విసిరి, "హాస్టల్ కూర మాడితే వంటవాడి కంటే ముందే నీకు తెలుస్తుంది, పాపం వాడు" అన్నాడు. బోజు మాత్రం కర్ర పట్టుకుని నా వెనకాల నిలబడి ఉంది, అంతసేపూ.

జీపు మెట్టు మీద కాలు పెట్టాను. నా శాలువా కొంగు ఎవరో లాగారు.

కుడివైపు. ఒక్కసారి, చిన్నగా.